మామగారి పడవకు ఇద్దరు మెకానిక్‌లు

ఆ ఉదయం పెద్దల్లుడు వర్క్‌షాపుకు వెళ్ళి ఓ పాత ఇంజిన్‌కు ఆయిల్ మార్చాలనుకున్నాడు. కాఫీ సగం తాగేసరికి భార్య ఫోన్ పక్కన పెట్టి, "నాన్న పడవ కదలట్లేదట. మా చెల్లి వాళ్ళాయన్ని పిలిచారట, పదింటికి వస్తాడట" అంది.

మిగతా కాఫీ చేదెక్కింది. తోడల్లుళ్ళిద్దరూ పడవ మెకానిక్‌లే. పెద్దవాడిది ఇంజిన్ పని. చిన్నవాడిది ఇంజిన్ కింద నీళ్ళలో ఉండే గేరు పెట్టె, ప్రొపెల్లర్ల పని. రేవులో ఏ రోగానికి ఎవరిని పిలవాలో అందరికీ తెలుసు. కానీ మామగారి పడవ వేరు.

"పెద్దల్లుణ్ణి నేనుండగా వాణ్ణి పిలుస్తారా?" అంటూ పనిముట్ల పెట్టె పట్టుకుని ఏడింటికల్లా రేవులో దిగాడు.

మామగారు తెల్లబోయారు. "నీకెందుకయ్యా శ్రమ? చిన్నోడు వస్తున్నాడుగా."

"వాడొచ్చేలోగా మీ పడవ ఏరు దాటి తిరిగొచ్చేస్తుంది మామయ్యగారూ!"

స్టార్ట్ చేస్తే ఇంజిన్ రేవు దద్దరిల్లేలా అరిచింది. పడవ మాత్రం జానెడు కదలలేదు. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారిపోయిందనీ, ఇరుసు తిరుగుతున్నా రెక్కలు తిరగడం లేదనీ అతనికి క్షణంలో అర్థమైంది. ఆ మాట పైకి అంటే పని చిన్నవాడి చేతికి పోతుంది.

"రోగం ఇంజిన్లోనే" అని తీర్పు చెప్పేశాడు.

ప్లగ్గులు విప్పాడు. కార్బురేటర్ కడిగాడు. పనిలో పనిగా లివరు నుంచి గేరుకు వెళ్ళే కేబులు కూడా విప్పి, కంగారులో దాన్ని తిరగేసి బిగించాడు. పడవ ముందుకీ వెనక్కీ పోనిది కాబట్టి ఆ తప్పు బయటపడలేదు.

తొమ్మిదిన్నరకు మామగారు టీ తాగడానికి వెళ్ళగానే నడుంలోతు నీళ్ళలోకి దిగి, తనే బాగుచేసేద్దామని దొంగచాటుగా ప్రొపెల్లర్ విప్పాడు. గ్రీజు చేతుల్లోంచి అది బుడుంగుమని జారిపోయింది. కాలితో ఎంత వెతికినా బురదే తగిలింది.

సరిగ్గా అప్పుడే చిన్నల్లుడు కొత్త ప్రొపెల్లర్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అన్నయ్యా, పాతదేదీ?"

"సర్వీసుకి పంపించాను."

"ఎక్కడికి?"

"కిందికి."

చిన్నల్లుడు నీళ్ళలోకి ఓసారి చూసి కొత్తది బిగించాడు. ఆ చూపు పెద్దల్లుడికి ఎగతాళిలా తోచింది. కనీసం నడిపి చూపిన ఘనతైనా తనకు దక్కాలని, తిరిగొచ్చిన మామగారిని ఎక్కించుకుని స్టీరింగు పట్టాడు.

"చూస్తూ ఉండండి, బాణంలా పోతుంది!"

లివరు ముందుకు తోశాడు. పడవ బాణంలాగే పోయింది, వెనక్కి. గాభరాలో లివరు ఇంకాస్త ముందుకు తోశాడు. పడవ గట్టు కింది బురదలోకి సగం దూరిపోయింది. కొత్త ప్రొపెల్లర్ రెక్కలు మూడూ ముడుచుకుపోయాయి.

మామగారు ఒడ్డుకెక్కి ప్యాంటుకంటిన బురద దులుపుకున్నారు. "నీ మీద చులకనతో వాణ్ణి పిలిచాననుకున్నావా? నా భుజాలిక పనిచెయ్యవయ్యా. ఈ పడవ నీకిచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేదేదో బాగుచేయించి ఇద్దామనే వాడికి కబురు పెట్టాను."

పెద్దల్లుడు పడవ దిగి గట్టు మీద కూర్చున్నాడు. చిన్నల్లుడు వచ్చి అతని పక్కన చతికిలబడ్డాడు. "ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నేను అసూయతో ఉడికిపోతున్నానన్నయ్యా. అబద్ధమెందుకు, ఇప్పుడే కాస్త చల్లబడింది" అన్నాడు.

మామగారు మాట తప్పే మనిషి కాదు. తాళంచెవి అక్కడికక్కడే పెద్దల్లుడి చేతిలో పెట్టారు. పడవను బురదలోంచి లాగగలిగే తాడు మాత్రం, రేవు మొత్తానికి, చిన్నల్లుడి దగ్గరే ఉంది.