మాటవరసకు ఇచ్చిన చేప

ఆ ఆదివారం ఉదయం బయూమీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొట్టి కడగాలి, చేపకు మేత వెయ్యాలి, ఫూల్ అనే చిక్కుడు గింజలు కూరిన రొట్టె తినాలి, డీన్ గారు వచ్చి చూసి వెళ్లేదాకా నోరు మూసుకోవాలి. మొదటి మూడూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి. నాలుగోది మాత్రం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ చేతకాలేదు.

అలెగ్జాండ్రియాలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ విశ్వవిద్యాలయపు నీటి ప్రయోగశాలకు కాపలాదారు, పనివాడు, చేపలకు మేనమామ, అన్నీ బయూమీయే. అక్కడ తొట్లు పన్నెండు. పదకొండు ఖాళీ. పన్నెండోదానిలో హానిమ్ ఉండేది. హానిమ్ అంటే దొరసాని. చెయ్యంత పొడవున్న వకార్ చేప, పేరుకు తగ్గ మూతివిరుపు. ఒకసారి కోపం వచ్చి చీపురు మింగిందని బయూమీ చెబుతాడు. నమ్మడం మన ఇష్టం. చీపురైతే మళ్లీ కనబడలేదు.

దాని చేత గుడ్లు పెట్టించాలని డాక్టరమ్మ నెర్మీన్ మూడేళ్లుగా తపస్సు చేస్తోంది. హానిమ్ కనికరించలేదు. గురువారం కైరో నుంచి కమిటీ వస్తోంది. ఆలోగా గుడ్లు పడకపోతే ప్రయోగశాల మూత, నెర్మీన్ పరిశోధన గంగపాలు, బయూమీకి న్యాయకళాశాల గేటు దగ్గర కుర్చీ.

కొత్త డీన్ కినావీ గారు చేతులు వెనక్కి కట్టుకుని పదకొండు ఖాళీ తొట్లూ చూశారు. మర్యాదస్తుడు, ఏదో ఒకటి మెచ్చుకోవాలి. పన్నెండోదాని దగ్గర ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"అబ్బ! ఎంత అందంగా ఉందయ్యా!"

అలెగ్జాండ్రియాలో ఎవరైనా మన వస్తువును మెచ్చుకుంటే "మీదే, తీసుకోండి" అనాలి. అవతలివాడు "అయ్యో, నీ దగ్గరే ఉండనీ" అనాలి. గడియారాలు, కోట్లు, కార్లు రోజూ ఇలా దానమైపోతూనే ఉంటాయి. ఒక్కటీ యజమానిని విడిచి పోదు.

"మీదే బాషా, తీసుకోండి," అన్నాడు బయూమీ. బాషా అంటే దొర.

"వద్దు వద్దు, నీ దగ్గరే ఉండనీ."

"అల్లా మీద ఒట్టు, తీసుకోవాల్సిందే."

"అబ్బే, బాగుండదు."

"ఇంత చెబుతున్నా నా మాట కాదంటారా?"

కినావీ గారిది ఎక్కడో దక్షిణాన ఒక పల్లె. అక్కడ రెండుసార్లు కాదనడం మర్యాద, మూడోసారి కాదనడం తగాదా. ఆయనకు చేప వద్దు. తగాదా అసలే వద్దు. నిట్టూర్చి, "సరే, దేవుడు నీకు మేలు చెయ్యాలి. మధ్యాహ్నం డ్రైవరును గంగాళంతో పంపుతాను," అన్నారు.

నెర్మీన్ వచ్చేసరికి బయూమీ తలపట్టుకుని కూర్చున్నాడు.

"ఇచ్చేశావా బాబాయ్?"

"ఇవ్వలేదమ్మా. అన్నానంతే."

"నువ్వు అన్నావు, ఆయన పట్టుకుపోతున్నాడు! వెళ్లి వెనక్కి అడుగు."

"ఇచ్చినదాన్ని వెనక్కి అడగడమా? మా వీధిలో ఏ ముఖం పెట్టుకుని తిరగను?"

"ఇవ్వలేదన్నావుగా ఇప్పుడే!"

"ఇవ్వలేదు. కానీ అడగలేను."

గంగాళంతో పాటు ఇద్దరూ డీన్ గారి కారెక్కారు. అయిదో అంతస్తులోని ఇంట్లో డీన్ గారి భార్య, హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా సనియ్యా బియ్యం నానబోసి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కత్తి నూరుతోంది. ఆ కత్తి చూడగానే బయూమీ నోటికి ఎక్కడలేని తెలివి వచ్చింది.

"ఆగండి తల్లీ! మా ఊళ్లో కానుకగా వచ్చిన చేపను వెంటనే కొయ్యరు. అయిదు రోజులు అతిథిగా ఉంచుకుంటారు."

అలాంటి ఆచారం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. నెర్మీన్ మాత్రం తలూపింది. వచ్చిన కొత్తలోనే ఊరి ఆచారం తప్పాడని పేరు ఎందుకని డీన్ గారూ తలూపారు. హానిమ్ స్నానాల తొట్టిలో దిగింది.

లిఫ్టు పాడైంది. బయూమీ అరవై డబ్బాల సముద్రపు నీళ్లు అయిదంతస్తులూ మోశాడు. ఆ నీళ్లకు గాలి కావాలి గనక ప్రయోగశాల నుంచి పంపు తెచ్చాడు.

"ఈ పంపు చప్పుడు ఎంత హాయిగా ఉంది నాయనా, వాన కురుస్తున్నట్టు!" అంది హాజ్జా.

"మీదే తల్లీ, తీసుకోండి."

ఆవిడదీ అదే పల్లె. రెండుసార్లు కాదని, మూడోసారికి తీసుకుంది. సోమవారం నీళ్లు చల్లబరిచే యంత్రం అలాగే పోయింది. మంగళవారం వడపోత డ్రమ్ము. బుధవారం ఆవిడ తొట్టి మీది నీలం దీపాన్ని మెచ్చుకోబోతుంటే నెర్మీన్ పరుగెత్తుకొచ్చి బయూమీ నోరు చేత్తో మూసింది. అతను కళ్లతో ఇచ్చాడు.

డీన్ గారు వంటింటి కొళాయి కింద ముఖం కడుక్కుని కళాశాలకు పోతున్నారు. హాజ్జా మాత్రం తొట్టి పక్కన స్టూలు వేసుకుని, మొలుఖియ్యా ఆకుకూర తుంచుతూ, తన ఆడపడుచు చేసిన అన్యాయాలన్నీ హానిమ్‌కు పూసగుచ్చినట్టు చెబుతోంది. మధ్యలో లేచిపోకుండా ఆ కథ పూర్తిగా విన్నది ఆ ఇంట్లో హానిమ్ ఒక్కతే.

గురువారం కమిటీ దిగింది. ముగ్గురు పెద్దమనుషులు పన్నెండు ఖాళీ తొట్లనూ, గోడకున్న మేకులనూ చూశారు.

"చేప ఏదమ్మా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"చుట్టపుచూపుగా వెళ్లిందండీ," అన్నాడు బయూమీ.

అధ్యక్షుడు కాగితం మీద ఒక్క ముక్క రాసి, కింద రెండు గీతలు గీశాడు. నెర్మీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. డీన్ గారికి అంతకంటే పెద్ద బెంగ ఉంది. అతిథులు ఆకలితో వెళ్లిపోతే తన పల్లెలో తలెత్తుకోలేరు. "ముందు మా ఇంట్లో నాలుగు మెతుకులు తినండి, తరవాత ఏమైనా రాసుకోండి," అని బతిమాలి తీసుకుపోయారు.

బజారు చేపలతో వండిన అన్నం పొగలు కక్కుతోంది. చేతులు కడుక్కోవడానికి వెళ్లిన అధ్యక్షుడు తిరిగి రాలేదు. అన్నం చల్లారింది. ఏమయ్యాడోనని అందరూ లేచి వెళ్లారు. ఆయన తొట్టి పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు, టై నీళ్లలో తేలుతోంది. ఆ నీళ్ల మీద నిండా తెల్లటి రవ్వ చల్లినట్టు గుడ్లు, వేలకు వేలు.

"గట్టిగా మాట్లాడకండి. కథలో మా మరిది పెళ్లి దగ్గర ఉన్నాం," అంది స్టూలు మీద నుంచి హాజ్జా.

బయూమీ డీన్ గారి భుజం మీద వాలి బావురుమన్నాడు. అధ్యక్షుడు పాత కాగితం చింపేసి, కొత్తది తీసి అక్కడే రాశాడు: ప్రయోగశాల కొనసాగాలి. మూడు నెలల వరకు చేపను గాని, యంత్రాలను గాని, స్టూలు మీది మహిళను గాని కదిలించరాదు.

"మరి నా స్నానం?" అన్నారు డీన్ గారు. అందరి చూపూ ఒక్కసారే కిటికీలోంచి ప్రయోగశాల వైపు తిరిగింది.

మర్నాటి నుంచి రోజూ ఉదయం ఏడు గంటలకు డీన్ గారు భుజాన తువ్వాలుతో వస్తారు, బయూమీ పన్నెండో తొట్టి నింపి తలుపు వేస్తాడు. ఆ ప్రయోగశాలకు ఇంత క్రమం తప్పకుండా వచ్చిన డీన్ అంతకుముందు లేడు.