అల్లం కేకు మరిగిన ట్రౌట్

ఆ శనివారం పొద్దున క్లెమెంట్ ఆక్రాయిడ్ పెట్టుకున్న పనులు మూడు. చెరువుకి వెళ్ళడం, కప్పు గెలవడం, కేకు వదిలించుకోవడం. మొదటిదీ చివరిదీ ప్రతి శనివారం చేసేవే. నడిమిది మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ జరగలేదు.

థార్న్‌గిల్ ట్రౌట్ చేపల క్లబ్బులో ఏటా సీజను ఆఖరి శనివారానికల్లా అందరికంటే బరువైన చేపని పట్టినవాడి పేరు వెండి కప్పు మీద చెక్కుతారు. ఆ కప్పు మీద క్లెమెంట్ తండ్రి పేరుంది. బావమరిది పేరుంది. ఎప్పుడో ఒక ఏడాది లీడ్స్ నుంచి వచ్చి ఒక్క పూట గాలం వేసి వెళ్ళిపోయిన పళ్ళ డాక్టరు పేరు కూడా ఉంది. క్లెమెంట్ పేరు లేదు. బస్సు డ్రైవరుగా రిటైరై, పెన్షను తీసుకుంటూ, మోకాళ్ళ నొప్పి తప్ప మరో బాధ లేని మనిషికి ఇంకేం కావాలని లోకం అనుకోవచ్చు. ఆయనకి ఆ కప్పు కావాలి. కావాలంటే కావాలి, అంతే.

"పార్కిన్ మర్చిపోకు," అంది భార్య ఎనిడ్, కాగితంలో చుట్టిన ఇటుకలాంటి దాన్ని సంచిలో కుక్కుతూ. "నిన్న రాత్రే చేశా. ఖాళీ కడుపుతో గాలం వేస్తే చెయ్యి వణుకుతుంది."

ఓట్స్, అల్లం, నల్లటి పాకం కలిపి కాల్చే ఆ కేకు యార్క్‌షైర్‌లో ఏ ఇంట్లో తిన్నా బాగుంటుంది, ఎనిడ్ ఇంట్లో తప్ప. పెళ్ళయిన కొత్తలో క్లెమెంట్ మొదటి ముక్క కష్టపడి మింగి, "ఇలాంటి పార్కిన్ జన్మలో తినలేదు" అన్నాడు. అది అక్షరాలా నిజం. ఎనిడ్ దాన్ని పొగడ్త అనుకుంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పార్కిన్ కాలుతూనే ఉంది. నిజం చెప్పే వయసు దాటిపోయింది. కక్కలేక మింగలేక, ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు.

ఉపాయం చెరువు చివర, ఆనకట్ట మూలన ఉంది. అక్కడ చెట్ల చాటున ఎవరికీ కనపడకుండా పార్కిన్‌ని నలిపి నీళ్ళలోకి విసిరేస్తాడు. అలా కొన్నాళ్ళు విసిరాక ఒక సంగతి గమనించాడు. ముక్కలు నీళ్ళను తాకీ తాకకముందే కింద పెద్ద నీడలు కదులుతున్నాయి. తను తినలేనిది తినేవాళ్ళు లోకంలో ఉన్నారని తెలిసి ఆయనకి సంతోషమూ, ఆశ్చర్యమూ కలిగాయి.

థార్న్‌గిల్‌లో ఎర వేయడం నిషేధం. వానపాము, రొట్టె, మొక్కజొన్న ఏదీ పనికిరాదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి కట్టిన దొంగ పురుగుతోనే ట్రౌట్‌ని మోసం చేయాలి. నిజమైన తిండి పెట్టి పట్టడం నీచం, అబద్ధపు తిండి చూపించి పట్టడం పెద్దమనిషి తరహా. ఇక ఆ దొంగ పురుగు ఎలా ఉండాలయ్యా అంటే, చేప ఆ రోజు ఏం తింటోందో అచ్చం అలా ఉండాలి. క్లెమెంట్ బాగా ఆలోచించి, పాత స్వెట్టరు లోంచి గోధుమరంగు ఉన్ని పీకి, అచ్చం పార్కిన్ ముక్కలా ఉండే పురుగొకటి కట్టాడు. చేప తినేదానికి రెక్కలు ఉండి తీరాలని రూల్సులో ఎక్కడా లేదు కదా!

ఆ ఉదయం పార్కిన్ విసిరి, వెనకే ఉన్ని పురుగుని విసిరాడు. అది మునిగీ మునగకముందే గాలం కర్ర విల్లులా వంగింది. తాడు బుర్రుమంటూ చెరువు మధ్యకి పరిగెత్తింది.

"ఒరేయ్ సెల్విన్! వల పట్టుకురా రా! తొందరగా!" అని ఆయన వేసిన కేకకి అవతలి గట్టు మీది బాతులు లేచిపోయాయి.

సెల్విన్ ఆయన చిన్ననాటి స్నేహితుడు. మంచివాడు. సాయం చేద్దామన్న కోరికే తప్ప, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియనివాడు. బూట్లలోకి నీళ్ళు వచ్చేదాకా దిగి, వల వేసి, చేపని గట్టెక్కించాడు. తూకం వేస్తే తొమ్మిది పౌన్ల పైచిలుకు తూగింది. ఆ ఏడాది దాని దరిదాపుల్లో మరో చేప లేదు. క్లెమెంట్‌కి కళ్ళు చెమర్చాయి. గాలికి అన్నాడు గానీ, అసలు గాలే లేదు.

చుట్టూ జనం పోగయ్యారు. క్లబ్బు సెక్రటరీ హెప్‌వర్త్ జేబులోంచి పొడవాటి సన్నని చెంచా తీశాడు. పెద్ద చేప పడితే దాని గొంతులోకి ఆ చెంచా దింపి, అది తిన్నదేమిటో బయటికి తీసి, తెల్ల సాసరులో నీళ్ళు పోసి చూడటం అక్కడి ఆనవాయితీ. ఆ క్షణందాకా క్లెమెంట్‌కి ఆ చెంచా గుర్తే లేదు.

సాసరులో నల్లటి జిగురు ముద్దలు తేలాయి. ఆరు తలలు దాని మీదకి వంగాయి.

"ఆల్డర్ పురుగు పిల్ల," అన్నాడు హెప్‌వర్త్ గబగబా. "సందేహం లేదు. పారబోసేద్దాం."

"ఉండండి, ఉండండి," అని సెల్విన్ సాసరులోకి ముక్కు దూర్చాడు. "పురుగుకి అల్లం వాసనేమిటండీ?"

ఎవరో "ఎర!" అన్నారు. ఇంకెవరో "ఎవడో చేపల్ని మేపుతున్నాడు!" అన్నారు. ఇక సెక్రటరీగా హెప్‌వర్త్ మాట్లాడక తప్పలేదు. మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"మేపినవాడెవడో తేలితే వాణ్ణి క్లబ్బునుంచి గెంటేస్తాం! జీవితాంతం! మిస్టర్ ఆక్రాయిడ్, ఆ చేప లెక్కలోకి రాదు, మీ మీద అనుమానం తీరేదాకా!"

కప్పు పోతే పోయింది, శనివారాలే పోయేట్టున్నాయి. శనివారాలు పోతే వారమంతా ఇంట్లోనే, పార్కిన్ ఎదుటే. భయంతో క్లెమెంట్ నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"మా ఇంట్లో అసలు అల్లమే ఉండదండీ! ఎనిడ్‌కి పడదు. వాసన తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు!"

"అవునవును," అన్నాడు హెప్‌వర్త్ వెంటనే. "మిసెస్ ఆక్రాయిడ్‌కి అల్లం పడదు. ఊరందరికీ తెలుసు."

క్లెమెంట్ నోరెళ్ళబెట్టాడు. తన అబద్ధానికి ఈయన సాక్ష్యం చెప్పడమేమిటి? ఆ ఆశ్చర్యంలో ఉండగానే కారు తలుపు పడిన చప్పుడైంది. ఆఖరి శనివారం కదా అని, అందరి టీలోకీ పనికొస్తుందని, ఎనిడ్ పెద్ద రేకు డబ్బా మోసుకుంటూ గట్టు మీదికి వస్తోంది.

సెల్విన్ పరుగున ఎదురెళ్ళాడు. "రావద్దమ్మా ఎనిడ్, దగ్గరికి రావద్దు! ఇక్కడ అల్లం ఉంది! అసలే నీకు దద్దుర్లు!"

"ఎవరికి దద్దుర్లు? తాగావా ఏంటి పొద్దున్నే?" అంటూ ఎనిడ్ అతన్ని పక్కకి నెట్టి వచ్చి సాసరులోకి చూసింది. ఆమెకి రెండోసారి చూడాల్సిన అవసరం రాలేదు.

"ఇది నా పార్కిన్!"

క్లెమెంట్ కళ్ళు మూసుకున్నాడు. ఇటు క్లబ్బు, అటు కాపురం, రెండూ ఒకే సాసరులో మునిగిపోయాయి. పట్టుకున్న చేపతో సహా చెరువులోకి దూకేద్దామా అనిపించింది.

ఎనిడ్ చెంచా లాక్కుని సాసరులోంచి ఒక చిన్న ముక్కని పైకెత్తింది. "ఇదేంటో చూడు. నారింజ తొక్క, పాకంపట్టినది. క్లెమ్, నీకు చేసేదాంట్లో ఎప్పుడైనా తొక్క వేశానా?"

"లే... లేదు."

"వెయ్యను. నీ కట్టుడు పళ్ళలో ఇరుక్కుంటుందని వెయ్యను. తొక్క వేసి ప్రత్యేకంగా చేసేది ఒక్కరికే." ఆమె మెల్లగా సెక్రటరీ వైపు తిరిగింది. "ఏమండీ హెప్‌వర్త్ గారూ? పోయినేడు చర్చి విందులో నా పార్కిన్ తిని ఏమన్నారు? 'ఇలాంటిది జన్మలో తినలేదు' అన్నారా లేదా? పాపం ఇంత ఇష్టపడుతున్నాడే అని అప్పటినుంచి నెలనెలా పంపుతున్నానే! అవన్నీ చేపల పాలు చేశారా?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఇందాక గొంతు చించుకున్న పెద్దమనిషి ఇప్పుడు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. జీవితాంతం గెంటేస్తామన్న మాట ఇంకా అందరి చెవుల్లోనూ ఉంది. క్లెమెంట్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోబాటు కాస్త తెలివీ వచ్చింది.

"ఎందుకే గొడవ?" అన్నాడు పెద్దరికంగా. "సెక్రటరీగారు మొదటే చెప్పారుగా, అది ఆల్డర్ పురుగు పిల్లని. ఆయనకి తెలియదా? ఏమండీ, పురుగేనా?"

"పురుగే," అన్నాడు హెప్‌వర్త్ నీరసంగా. "సందేహం లేదు. చేప... చేప లెక్కలోకి వస్తుంది. కప్పు మీకే, మిస్టర్ ఆక్రాయిడ్."

ఇన్నేళ్ళ కోరిక తీరింది. కానీ "హుర్రే" అందామని క్లెమెంట్ తెరిచిన నోరు ఎనిడ్ మొహం చూసి అలాగే ఉండిపోయింది.

"పురుగా? నా పార్కిన్ పురుగా?" ఆమె రేకు డబ్బా మూత ధన్‌మని తీసింది. "సరే. ఇవాళ్టిది ఇదిగో. అందరూ ఇక్కడే, నా కళ్ళ ముందు తినండి. పురుగో కాదో నమిలి చెప్పండి. సెల్విన్, నువ్వు రెండు తీసుకో, తాగి ఉన్నావు. క్లెమ్, నీ శనివారం ముక్కలన్నీ నువ్వే తింటున్నావు కదూ?"

"ఒక్క పలుకు వదలకుండా," అన్నాడు క్లెమెంట్, చేప వైపు చూడకుండా.

"అయితే వచ్చే సీజను నుంచి నేనూ వస్తా. మడత కుర్చీ తెచ్చుకుంటా. గట్టున కూర్చుని కలిసే తిందాం. డబ్బాలో క్లబ్బందరికీ సరిపడా తెస్తాలే."

మాట్లాడటానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు.

కప్పు మీద క్లెమెంట్ ఆక్రాయిడ్ పేరు అందంగానే చెక్కారు. మరుసటి సీజను సగానికల్లా థార్న్‌గిల్ ట్రౌట్‌లు బాగా సన్నబడ్డాయి. క్లబ్బు సభ్యులు మాత్రం ఒళ్ళు చేశారు.