నల్ల బంతి ఎవరికీ వద్దు

ఆ ఆదివారం పొద్దున చైనాలోని షెన్యాంగ్‌లో కిటికీ అద్దాలన్నీ మంచు పట్టి ఉండగా, తోంగ్ వాళ్ళింట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు చేసుకోబోయే అమ్మాయి మొదటిసారి ఇంటికొస్తుంది. తండ్రి తోంగ్ దఫూ ఆమెను వీధి చివర నేలమాళిగలో ఉన్న బిలియర్డ్స్ హాలుకు తీసుకెళ్ళి ఒక్క ఆట ఆడతాడు. ఈలోగా తల్లి గ్వేఫెన్ పులిసిన క్యాబేజీ, పంది మాంసం కూరి కుడుములు చేస్తుంది. మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు.

ఫ్యాక్టరీలో జీవితమంతా లేతు మిషను తిప్పి రిటైరైన దఫూ, ఇప్పుడు ఆ హాల్లో ఎయిట్‌బాల్‌కి మకుటం లేని మహారాజు. మనిషిని మాటల్లో కాదు, బల్ల దగ్గర చూడాలన్నది ఆయన నమ్మకం.

"ఓడిపోయి ఏడ్చినా పర్లేదు, గెలిచి గంతులేసినా పర్లేదు. కావాలని ఓడిపోయే రకం మాత్రం నా గుమ్మం తొక్కకూడదే. అలాంటివాళ్ళు రేపు ఇంట్లో కూడా నవ్వుతూ అబద్ధాలాడతారు" అన్నాడు, పిండి కలుపుతున్న భార్యతో.

"ముందు పిల్లని ఏడిపించకుండా తీసుకురా" అంది గ్వేఫెన్.

కొడుకు షువో అప్పుడు స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. ఈ మాటలు చెవిన పడి ఉంటే ఈ కథే లేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే షువోకి ఎవరి మనసూ నొప్పించడం చేతకాదు. అందుకని అందరికీ అబద్ధాలు చెబుతాడు. ఆ అమ్మాయి యింగ్ ఎయిట్‌బాల్ ప్రొఫెషనల్. వెయిస్ట్‌కోటు, బో టై వేసుకుని, తెల్ల గ్లవుజుల రిఫరీ ముందు, గడియారం సెకన్లు లెక్కపెడుతుంటే ఆడే మనిషి. ఇంట్లో మాత్రం "ఆటలకు సంబంధించిన ఉద్యోగం" అని చెప్పి ఊరుకున్నాడు. దఫూ టీవీలో ఆటలు చూడడు. అక్కడ ఆడేవాళ్ళకి చేతులు వణకవు, అందులో సరదా లేదంటాడు.

మెట్రో స్టేషన్ దగ్గర షువో యింగ్ చెవిలో ఊదాడు. "మా నాన్న ఓడితే మూడు రోజులు అన్నం ముట్టడు. బీపీ కూడా ఉంది. ఓడిపో. తెలియకుండా ఓడిపో."

హాలు మెట్లు దిగుతూ తండ్రి చెవిలో ఇంకోటి ఊదాడు. "ఆ పిల్ల ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది నాన్నా. ఓడిందంటే ఏడ్చి, పెళ్ళే వద్దంటుంది. కాస్త చూసుకో."

దఫూ మెట్ల మధ్యలో ఆగాడు. తన నియమం గుర్తొచ్చింది. ఒక్కగానొక్క కొడుక్కి ముప్పై మూడు దాటిన సంగతి కూడా గుర్తొచ్చింది. నియమాన్ని మెట్ల మీదే వదిలేసి కిందికి దిగాడు.

ఎయిట్‌బాల్‌లో ఓడిపోవడం సులువే. నిండు రంగు బంతులు ఏడు ఒకరివి, చారల బంతులు ఏడు ఇంకొకరివి. కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాంతో ఎవరివి వాళ్ళు బల్ల అంచుల్లో ఉన్న పాకెట్లలో వేశాక చివర్న నల్ల ఎనిమిదో బంతి వేసినవాళ్ళు గెలుస్తారు. ఆ నల్లదాన్ని ముందే వేసేస్తే అక్కడికక్కడే ఓటమి. కానీ అలా చేస్తే చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. మర్యాదగా ఓడాలంటే చాలా నైపుణ్యం కావాలి.

యింగ్ వేలెడు పక్కకి గురిపెట్టి కొట్టింది. బంతి పాకెట్ అంచుకి తగిలి, బల్లంతా తిరిగి, అవతలి మూల పాకెట్లో పడింది.

"ఏం అదృష్టమమ్మా!" అని చప్పట్లు కొట్టాడు హాలు యజమాని స్వే.

యింగ్ మొహం వాడిపోయింది. దఫూ తన వంతు రాగానే తెల్ల బంతినే పాకెట్లోకి పంపాడు. అది ఫౌల్. ఇక అమ్మాయి తెల్ల బంతిని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని కొట్టొచ్చు.

"చలికి వేళ్ళు బిగుసుకుపోయాయమ్మా" అన్నాడు.

యింగ్ తెల్ల బంతిని ముందుగా ఆయన బంతికే తాకించింది. అదీ ఫౌలే. "అయ్యో, చూసుకోలేదు అంకుల్!"

విందులో ఆఖరి ముక్కని నువ్వు తినంటే నువ్వు తినమన్నట్టు, తెల్ల బంతి ఇద్దరి చేతుల మధ్యా తిరగసాగింది. మధ్యమధ్య పొరపాటున ఏదో ఒక బంతి పడేది. పడినప్పుడల్లా వేసినవాళ్ళు నొచ్చుకునేవారు. టీ గ్లాసులతో పక్క బల్లల వాళ్ళు చుట్టూ మూగారు. ఇంత జాగ్రత్తగా ఒకరినొకరు కట్టేసుకోవడం పెద్ద పోటీల ఫైనల్లోనే చూశామని చెప్పుకున్నారు.

చారల బంతులు రెండే మిగలగానే షువో ఇంటికి ఫోన్ చేశాడు. "అయిపోయిందమ్మా, కుడుములు వేసెయ్."

గ్వేఫెన్ వేసింది. ఎవరూ రాలేదు. కుడుములు నీళ్ళలో విచ్చిపోయాయి. మళ్ళీ ఫోన్. "ఈసారి నిజంగా అయిపోయింది." రెండో వాయి కూడా గంజైంది. మూడోసారి షువో ఫోన్ చేస్తే ఆవిడ ఠక్కున పెట్టేసి, మూడో వాయి వేసింది. వాళ్ళు అప్పుడే భయపడి ఉండాల్సింది.

చివరికి బల్ల మీద నల్ల బంతి, తెల్ల బంతి మాత్రమే మిగిలాయి. వంతు దఫూది. ఊపిరి బిగబట్టి మెల్లగా తట్టాడు. నల్ల బంతి దొర్లి, దొర్లి, పాకెట్ నోట్లో ఆగింది.

"ఏ బంతీ బల్ల అంచు తాకలేదు, ఫౌల్!" అన్నాడు స్వే. "అమ్మాయీ, తెల్లది నీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకో."

కళ్ళు మూసుకు కొట్టినా పడుతుంది. యింగ్ కర్ర కొనకి సుద్ద రాసింది, మళ్ళీ రాసింది. ఆ బంతి ఎలా తప్పాలో ఆమెకి ఏ కోచ్ కూడా నేర్పలేదు.

అప్పుడు మెట్ల మీద నుంచి గ్వేఫెన్ దిగింది. మోచేతుల దాకా పిండి, చేతిలో అప్పడాల కర్ర.

"మూడు వాయిలు! మూడు వాయిలు గంజి చేశారు కదరా! దీని కోసమేనా?" అంటూ అప్పడాల కర్రతో నల్ల బంతిని ఒక్క పోటు పొడిచింది. బంతి పాకెట్లో పడింది.

"ఇప్పుడెవరు గెలిచినట్టు?" అన్నాడు స్వే.

"బయటివాళ్ళు కదిపితే చెల్లదు" అంది యింగ్, ఎవరో మీట నొక్కినట్టు. "బంతిని ఉన్నచోటే పెట్టాలి. వంతు మారదు." అంటూనే నల్ల బంతిని తీసి, తుడిచి, సరిగ్గా అది ఉన్న చోటే పెట్టింది. ఒక్కసారే పెట్టింది, సర్దలేదు.

దఫూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. "నీ ఉద్యోగం ఏంటమ్మా?"

యింగ్ తల దించుకుంది. "ఇదే అంకుల్. ప్రొఫెషనల్‌గా ఆడతాను."

స్వే అప్పటికే ఫోన్లో వెతికాడు. బో టైతో, కప్పు పట్టుకుని నవ్వుతున్న యింగ్ అందరికీ కనబడింది.

దఫూ మొహం కందిపోయింది. "అంటే ఇంతసేపూ కావాలని ఓడుతున్నావా? నా మీద జాలా?"

యింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళి చేజారిపోయినట్టే అనుకుంది పాపం. "మీరు ఓడితే మూడు రోజులు అన్నం ముట్టరని చెప్పాడు..."

"నువ్వు ఓడితే పెళ్ళి వద్దంటావని నాకు చెప్పాడు!"

ఇద్దరూ ఒకేసారి తిరిగారు. షువో అప్పటికి మెట్ల దాకా వెళ్ళాడు కానీ అక్కడ అప్పడాల కర్ర అడ్డంగా ఉంది.

"ఏమయ్యా," అంది గ్వేఫెన్ మొగుడితో, "కావాలని ఓడే రకం నీ గుమ్మం తొక్కకూడదన్నావు కదా పొద్దున. మరి రాత్రికి ఎక్కడ పడుకుంటావు?"

స్వే ముందు నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది, చివరికి దఫూ కూడా నవ్వక తప్పలేదు. తన సొంత క్యూ కర్ర తీసి యింగ్ చేతికిచ్చాడు.

"ముందు ఏడు ఆటలు గెలిచినవాళ్ళదే గెలుపు. జాలి చూపించావో, ఊరుకోను. ఒరేయ్, నువ్వు బంతులు పేర్చు!"

యింగ్ జుట్టు ముడేసి, చొక్కా చేతులు పైకి మడిచింది. మొదటి దెబ్బకి బంతులు పిట్టల్లా చెదిరాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ పిలిస్తే వచ్చినట్టు పాకెట్లలోకి నడిచి వెళ్ళాయి. షువో పేర్చాడు, ఆమె ఖాళీ చేసింది. మళ్ళీ పేర్చాడు. నాలుగో ఆటలో దఫూకి ఒక్కసారి అవకాశం వచ్చింది, లేచి రెండు బంతులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు. ఏడో ఆట అయ్యేసరికి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

"బాగా ఆడారు అంకుల్" అంది యింగ్ భయంభయంగా.

"నేనెక్కడ ఆడానమ్మా, కూర్చున్నాను. అయినా ఇంకా అంకులేంటి?"

"మావయ్యగారూ..." అంది యింగ్ మెల్లగా. గ్వేఫెన్ పిండిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

మూడు వాయిల కుడుముల గంజినే మధ్యాహ్నం భోజనంగా తిన్నారు. ఓడిపోయిన మనిషి మూడు గిన్నెలు ఖాళీ చేశాడు.

మర్నాటి నుంచి దఫూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, కాబోయే కోడలు తనని ఏడు సున్నాతో చితక్కొట్టిందని గర్వంగా చెప్పుకుంటున్నాడు. అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే మాత్రం, "బంతులు పేరుస్తాడు" అని ఊరుకుంటున్నాడు.