కాన్పుకు తనిఖీ జీపు

ఖజానా ఖాళీ అయినప్పుడు ప్రజలకు కావలసింది డబ్బు కాదు, క్రమశిక్షణ అని ప్రభుత్వం ప్రకటించింది. డీజిల్ దొరకడమే గగనమై, వ్యాపారాలు చల్లబడి, పన్నుల రాబడి పడిపోయిన ఏడాది అది. ప్రతి శాఖా డీజిల్ వాడకాన్ని సగానికి తగ్గించాలని ఉత్తర్వు వెలువడింది. (తగ్గించారో లేదో చూడటానికి ఒక కొత్త శాఖ, ఆ శాఖకు కొత్త జీపులు కూడా మంజూరయ్యాయి.)

దంతాలపల్లి దాటాక ఒక ఊరి దవాఖానలో అంబులెన్సు ఈ ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటిస్తూ వేపచెట్టు కింద నిలబడి ఉంది. అటువంటి సమయంలో ఆ ఊరి గట్టమ్మ, నొప్పులు మొదలైన కోడలు రజితను ఆ దవాఖానకు తీసుకొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే మానుకోట పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని నర్సు స్పందన చెప్పింది.

"బండిల డీజిల్ లేదవ్వా. ఒకటో తారీఖు దాక రాదంట," అన్నాడు డ్రైవర్ ఐలేశ్, తల ఎత్తకుండా.

"అయితే ఏంది? ఒకటో తారీఖు దాక నొప్పులు ఆపుకోమందునా?" అంది గట్టమ్మ.

అప్పుడే పొదుపు తనిఖీ అధికారి శశిధర్ జీపు వచ్చి ఆగింది. కదలని అంబులెన్సును చూసి ఆయన ముఖం వికసించింది. జిల్లాకే ఆదర్శమంటూ దిగి, ఐలేశ్ చేయి పట్టుకుని ఊపాడు. ఆయన వెనక్కి తిరిగేసరికి గట్టమ్మ, స్పందన కలిసి రజితను జీపులో పడుకోబెట్టేశారు.

"అమ్మా, ఇది తనిఖీ వాహనం. ఇందులో రోగులను ఎక్కించే నిబంధన లేదు."

"రోగి ఎవ్వలు సారూ? నా కోడలు నిండు మనిషి. జర జరుగు!" అంటూ గట్టమ్మ కూడా ఎక్కి తలుపు వేసుకుంది. నర్సు ముందు సీట్లో కూర్చుంది. అధికారికి చోటు మిగల్లేదు. జీపు డ్రైవర్ ఒక్క క్షణం ఆయన వైపు, ఒక్క క్షణం రజిత వైపు చూసి, బండి దూకించాడు.

మానుకోటలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. లోపలి నుంచి బిడ్డ ఏడుపు వినగానే గట్టమ్మ వరండాలో కూలబడి, అంతదాకా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది.

తనిఖీ వాహనంలో కాన్పుకు తీసుకువెళ్లడం దుర్వినియోగమేనని పైవాళ్లు తేల్చి, జీపుకు మరుసటి నెల డీజిల్ ఆపేశారు. శశిధర్ ఆ నెలంతా ఆఫీసు దాటలేదు. నెల ముగిశాక చూస్తే, జిల్లాలో అందరికంటే ఎక్కువ డీజిల్ మిగిల్చింది ఆయనే. సభ పెట్టి శాలువా కప్పారు.

అదే సభలో అంబులెన్సు డీజిల్‌ను పూర్తిగా రద్దు చేశారు. అది లేకపోయినా కాన్పు జరుగుతుందని రుజువైంది కదా.