పగులుతో సహా గోడ

గడప దాకా వచ్చిన వరద వేరు, గొళ్లెం దాకా వచ్చిన వరద వేరు. ఇది గొళ్లెం దాకా వచ్చినదాని తర్వాత రెండో ఏటి మాట. ఆ ఏడు మా ఊరి కట్టడాల తనిఖీ కార్యాలయంలో ఉద్యోగులందరూ ప్రతిదినమూ కళ్లకు డబ్బా ధరించవలెనని ఉత్తర్వు వెలువడింది. ఏ గోడ నిలుస్తుందో, ఏ గోడ పడుతుందో చూసి చెప్పడం ఆ కార్యాలయం బాధ్యత. చూడటమే వాళ్ల వృత్తి గనుక కళ్ల విషయంలో వాళ్లు అందరికంటే ముందుండటం న్యాయమే.

ఉత్తర్వులో దాని పేరు మిశ్రమ వాస్తవ నేత్ర పరికరం. బజార్లో హెడ్‌సెట్ అన్నారు. మా వీధిలో కళ్లడబ్బా అన్నారు. నేను మా వీధివాణ్ణి.

అది కట్టుకుంటే గదిలో ఉన్నవీ కనబడతాయి, లేనివీ కనబడతాయి. ఏవి ఉన్నవో ఏవి లేనివో తెలియకపోవడమే దాని గొప్పతనమని అధికారిగారు ప్రారంభోపన్యాసంలో చెప్పారు. మాసిన గోడల స్థానంలో అధికారిగారు కొండలు పెట్టించుకున్నారు. గుమాస్తాలకు సముద్రం మంజూరైంది. అటెండరును నీకేం కావాలని అడిగితే, అధికారిగారి గది కావాలన్నాడు. ఇచ్చారు. ఆనాటి నుంచి ఎవరు పిలిచినా లేవడం మానేశాడు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకోని మనిషి డబ్బాలో కనబడడు. దాంతో ఒక్క పూటలో కార్యాలయం ముందు క్యూ మాయమైంది. మనుషులు ఎండలో అక్కడే నిలబడి ఉన్నారు. క్యూ మాత్రం పోయింది. పై నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది.

ఆ కార్యాలయంతో నాకు రెండు సంబంధాలు. మా కోడలు అక్కడ గుమాస్తా. నేను సున్నం వేసేవాణ్ణి. వరద నీళ్లు నిలిచినంత మేర పెద్దహాలు గోడల చుట్టూ ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత ఉండిపోయింది. దానికి సున్నం వేసే పని నాకిచ్చారు. తూర్పు గోడ పూర్తిచేశాను. నీలిమందు కలిపి రెండు పూతలు. అంతలో డబ్బాలు వచ్చాయి.

"ఇక చాలు పెద్దాయనా," అన్నారు అధికారిగారు. "రేపట్నుంచి మా గోడలు మాయవు."

నిచ్చెన ఇంటికి తెచ్చుకున్నాను. మూడో రోజు మళ్లీ కబురొచ్చింది. వెళ్లి చూస్తే ఏడుగురికి నుదుళ్లు బొప్పి కట్టి ఉన్నాయి. అందరూ తూర్పు గోడకే కొట్టుకున్నారు. డబ్బాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరు నా మీద లేచాడు. వయసులో నా మనవడంత ఉంటాడు.

"తాతా, ఇంత తెల్లగా వేయమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"గోడ ఎక్కడుందో డబ్బాకి తెలియాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలయ్యా. మరకో, బీటో, మేకు పీకిన బొక్కో. నువ్వు ఒక్కటి మిగిల్చావా? సముద్రం జారిపోతోంది!"

నలభై ఏళ్లలో నా పనికి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. గోడ మరీ శుభ్రంగా ఉంది. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. నాకు మూడో తరగతి దాకానే చదువు గనుక కూడబలుక్కుని చదివాను. తూర్పు గోడపై మరకలు వేయవలెను. ఒక మరక మరో మరకను పోలి ఉండరాదు. ఏ మరకయూ పై అధికారుల ముఖాన్ని పోలి ఉండరాదు.

మసి, ఎర్రమట్టి, టీ పిప్పి కలిపి వేశాను. మరక వేయడం చాలా కష్టమైన పని. చేయి ఊరికే తుడవబోతుంది.

ఆ పని మీద ఉండగానే పడమటి గోడ చూశాను. కిటికీ మూల నుంచి నేల దాకా ఒక పగులు. వేలి కణుపుతో కొట్టి చూశాను. గుల్లగా మోగింది. వరద దాని కాళ్లు తినేసింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పగులు మీద అడ్డంగా సున్నపు ముద్ద అంటిస్తాం. ముద్ద అలాగే ఎండితే గోడ ఆగినట్టు. చీలితే కదులుతున్నట్టు. మూడు ముద్దలు అంటించాను. రెండో రోజుకే మూడూ చీలిపోయాయి.

ఆ పగులు కింద మూడో బల్ల మా కోడలిది.

మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే. మావాడు లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉంటాడు. పొద్దున్నే టీ గ్లాసు నా చేతికిస్తూ మొదలుపెట్టిందంటే, చెప్పులు వేసుకుని వీధిలోకి దిగేదాకా ఆపదు. నాకు మాట్లాడే అలవాటు ఎప్పుడూ లేదు. వినే అలవాటు ఆమె వచ్చాక అయింది.

"అమ్మాయ్, నీ బల్ల అక్కణ్ణుంచి జరుపుకో," అన్నాను.

"ఎందుకు మామయ్యా?"

"గోడ పడుతుంది."

"ఏ గోడ?"

"నీ ఎదురుగా ఉన్నదే."

"అక్కడ గోడెక్కడుంది మామయ్యా, సముద్రమైతేనూ!" అని నవ్వింది. "ఆ సీటు కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో మీకేం తెలుసు. మా పక్క సెక్షన్ ఆవిడ మూడు అర్జీలు పెట్టుకుంది. అక్కడ అల ఒక్కటి కూడా అదరదు తెలుసా. ఇంట్లో ఎటూ ఆ భాగ్యం లేదాయె. మీ గోడలు పాలు కడిగినట్టుంటాయి, సముద్రం నిలవదు. మొన్నో రాత్రి దొంగచాటుగా తెచ్చి కట్టుకున్నా ఏదీ మాయం కాలేదు, మీరూ, పొయ్యీ, తాడు మీద బట్టలూ అన్నీ కనబడిపోయాయి."

"పగులు పెద్దదవుతోంది."

"మీరు మరీను. టీ చల్లారిపోతోంది, తాగండి."

అధికారిగారి దగ్గరికి వెళ్లాను. "సార్, పడమటి గోడ పడుతుంది," అన్నాను. ఆయన మూలనున్న పూలకుండీ వైపు తిరిగారు. నా పేరు నమోదు కాలేదు గనుక నేను కనబడను. గొంతు వినబడింది గనుక దానికో మనిషి కావాలి. డబ్బా ఆ గొంతును దగ్గరలో ఉన్న కుండీకి కేటాయించింది.

"అలాంటిదేమీ కనబడటం లేదే," అన్నారు కుండీతో, చాలా మర్యాదగా.

"డబ్బా ఒక్కసారి తీసి చూడండి సార్."

"తీస్తే నా హాజరు పోతుందయ్యా."

 కుండీ ఏమీ అనలేదు. ఇంజనీరును పిలిపించారు. అతను తన యంత్రంలో చూసుకుని సంతోషించాడు.

"సార్, హాల్లో సముద్రమంతా ఆ పగులుకే వేలాడుతోంది. ఇంత చక్కని పగులు నేనెక్కడా చూడలేదు. రోజురోజుకీ వెడల్పవుతోంది, సముద్రం రోజురోజుకీ నిలకడగా ఉంటోంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు."

మర్నాడు పగులు పక్కన బోర్డు పెట్టారు. ఇది కార్యాలయ ఆస్తి, తాకరాదు. బోర్డు కూడా డబ్బాలో సముద్రంగానే కనబడింది.

ఆ వారంలోనే ప్రజాభిప్రాయ సేకరణ సంఘం వచ్చింది. మనుషులు ఈ పరికరాన్ని ప్రతిదినమూ ధరించగోరుదురా, లేదా అన్నది ప్రశ్న. ప్రశ్న డబ్బాలోనే కనబడుతుంది. ఇష్టమైనవాళ్లు తల దించాలి. ఇష్టం లేనివాళ్లు డబ్బా తీసెయ్యాలి. తీసేసినవాళ్లకు ప్రశ్న కనబడదు గనుక వాళ్లను అడగనట్టే లెక్క. పైగా డబ్బా బరువుకి మధ్యాహ్నానికల్లా అందరి తలలూ వాటంతటవే దిగాయి. నూటికి నూరుమంది కోరుకుంటున్నారని తేలింది. నన్నూ ఎవరో అడిగారని తర్వాత తెలిసింది. కుండీ తల దించలేదట.

ఆదివారం కార్యాలయానికి సెలవు. కావలివాడు నాకు తెలిసినవాడే. మరకల పని మిగిలిందంటే తాళం తీశాడు. పగుల్లో పుట్టీ కూరి, పడమటి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడు పూతలు వేశాను. పుట్టీ కూరితే గోడ ఆగదని నాకు తెలుసు. గోడ కనబడకుండా చేయడం వాళ్ల పని. సముద్రం కనబడకుండా చేయడం ఆ పూట నా పని. అంత తెల్లగా నేను ఏ గోడకీ ఎన్నడూ వేయలేదు.

సోమవారం పొద్దున సముద్రం పట్టు తప్పింది. అలలు పైకప్పు మీద విరిగాయట. ఒక ఓడ హెడ్‌గుమాస్తాలోంచి దూసుకుపోయిందట. ఆయన సెలవు పెట్టి ఇంటికెళ్లారు. మిగిలినవాళ్లు పన్నెండు బల్లలనూ ఈడ్చుకుంటూ తూర్పు గోడ కిందికి చేరారు. అక్కడ నా మరకలున్నాయి.

సాయంత్రం కోడలు సంచి కూడా దించలేదు.

"మీరే కదూ?"

"ఊఁ."

"ఎందుకు చేశారు మామయ్యా? ఉన్న ఒక్క సముద్రం!"

"గోడ..."

"గోడ, గోడ! మీకు గోడలు తప్ప మనుషులు కనబడరా?"

మర్నాడు టీ గ్లాసు గట్టు మీద ఉంది. చేతికివ్వలేదు. మాట కూడా లేదు. ఆ పూట మా ఇంట్లో గోడగడియారం చప్పుడు మొదటిసారి విన్నాను.

నా సున్నం గురువారం గీకించాలని తీర్మానమైంది. బుధవారం పదకొండు గంటలకు సంఘం అధ్యక్షుడు హాల్లో ఫలితాలు ప్రకటిస్తున్నారు. నేను తలుపు దగ్గర, నమోదు కాని జనంలో నిలబడి ఉన్నాను. "సోదరసోదరీమణులారా, మన కార్యాలయం నేడు కొత్త చూపుతో..." అంటుండగా పడమటి గోడ లోపలికి పడింది. నేల అదిరింది. దుమ్ము పైకప్పు దాకా లేచింది. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. శబ్దం అచ్చం నిజంలా ఉందని అధ్యక్షుడు ఇంజనీరును పేరుపెట్టి అభినందించారు. దగ్గు మొదలయ్యాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. నేనూ ఇంకో ఇద్దరూ ఇటుకలు ఎత్తిపోశాం. అడుగున నేల మీద నాలుగు గుంటలు కనబడ్డాయి. మూడో బల్ల కాళ్లు నిలిచిన చోటు. వాటి మీదే ఇటుకలు ఎక్కువ పడ్డాయి.

విచారణ క్రమపద్ధతిలో జరిగింది. పగులు ఉన్నన్నాళ్లూ గోడ నిలిచింది. పగులు పూడ్చిన మూడో రోజే పడింది. కాబట్టి గోడను ఇన్నాళ్లూ నిలబెట్టింది పగులేనని, దాన్ని పూడ్చినందువల్లనే కూలిందని తేల్చారు. నన్ను జైల్లో పెట్టవలసిందే గానీ, పేరు నమోదు కాలేదు గనుక ఎవరిని పెట్టాలో తెలియలేదు. మా కోడలు పక్కింటావిడతో అంటుంటే విన్నాను. "మా మామయ్య సున్నానికే పడిందండీ. ఇంకా నయం, సముద్రం చెడి మేం అటు జరిగాం గనుక సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో!" అని దండం పెట్టుకుంది. ఎవరికి పెట్టిందో నేను అడగలేదు.

కొత్త గోడకు ఉత్తర్వు వచ్చింది. పడమటి గోడను పగులుతో సహా కట్టవలెను. పగులు పూర్వపు ఆకృతిలోనే ఉండవలెను. తాపీమేస్త్రి గోడ కట్టాడు. పగులు దగ్గర ఆగిపోయాడు. అది ఎలా ఉండేదో ఎవరినడిగినా తెలియదన్నారు. దాని కిందే రోజూ కూర్చున్న పన్నెండుమందికీ తెలియదు. ఇంజనీరుకూ తెలియదు. చూసినవాణ్ణి ఊరంతటికీ నేనొక్కణ్ణే.

కబురు పెట్టారు. ఈసారి పేరు నమోదు చేశారు. అధికారిగారు మొదటిసారి నా వైపు తిరిగి మాట్లాడారు. "పాత తప్పులు మరచిపోదాం. ఈ పెద్దాయన పగుళ్ల విషయంలో మన కార్యాలయానికి గౌరవ సలహాదారు. ఇలాంటి చూపున్నవాళ్లే రేపటి సమాజానికి పునాది." శాలువా కప్పారు. శాలువా బరువు తగల్లేదు. తడిమి చూశాను, భుజం మీద ఏమీ లేదు. డబ్బాల్లో ఉందట, జరీ అంచుదట.

కిటికీ మూల నుంచి నేల దాకా గీశాను. ఎక్కడ వంక తిరిగేదో, ఎక్కడ చీలేదో, నా సున్నపు ముద్దలు ఎక్కడ పగిలాయో అన్నీ గుర్తున్నాయి. చేయి తీసిన క్షణంలో హాల్లో అందరూ ఒక్కసారి "ఆహా" అన్నారు. సముద్రం వచ్చేసింది. బల్లలు తిరిగి పడమటి వైపుకి ఈడ్చారు. మా కోడలి బల్ల మళ్లీ మూడోది. వచ్చేముందు ఆ గోడను వేలితో కొట్టి చూశాను. కొత్త ఇటుక, గట్టిగానే మోగింది. అది చాలనుకున్నాను. ఇకపై పరికరాలను ఉద్యోగులు ఇళ్లకు కూడా తీసుకుపోవచ్చని, రాత్రింబగళ్లు వాడుకోవచ్చని ఆ సభలోనే ప్రకటించారు. అందరి తలలూ దిగాయి.

మర్నాడు పొద్దున్నే లేచాను. టీ గ్లాసు ఎప్పట్లాగే గట్టు మీద ఉంది. తాగి, సున్నం బకెట్టు కడిగి బోర్లించాను. పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని ముందుగదిలోకి వెళ్లాను. ఆ గోడకి ఏటా రెండుసార్లు సున్నం వేస్తాను. చేతిముద్ర కూడా పడనివ్వను. మధ్యలో నిలబడి, పై నుంచి కిందికి ఒక పగులు గీశాను.

కోడలు జడ అల్లుకుంటూ వచ్చి చూసింది. లోపలికెళ్లి డబ్బా కట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి గోడ వైపు చాలాసేపు చూసింది.

"ఇంకాస్త నల్లగా గీయండి మామయ్యా," అంది. నలభై ఆరు రోజుల తర్వాత మొదటి మాట. "మీరింకా కనబడుతున్నారు."

ఇంకాస్త నల్లగా గీశాను.