నెమ్మదిగా వెళ్తే ఆగిపోయే కారు

ఆడవాళ్ళ హక్కుల గురించి మూడు గంటలు ఆగకుండా మాట్లాడే మగాణ్ణి నమ్మొచ్చు. కాకపోతే ముందు అతని జేబు తడిమి చూడాలి. ఇంటి కారు తాళంచెవి అందులోనే ఉంటుంది.

ఈ పెద్దమనిషి పైపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు, అక్కడి కార్మిక సంఘానికి కార్యదర్శి. మైకు దొరికితే వదలడని అందరూ వెనకాల మైకాసురుడంటారు. ముందర కూడా అంటారు. తను మాట్లాడుతూ ఉంటాడు కాబట్టి అతనికి వినపడదు.

భార్య ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసి పరీక్షలు చేస్తుంది. రోగులు ఆమెను సూదమ్మ అంటారు. ఆవిడ సూది గుచ్చితే తెలియదు. మాట గుచ్చితే వారం దాకా తగ్గదు.

ఆసుపత్రిలో కొత్త పని పెట్టారు. మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకే వెళ్ళి రక్తం తీసుకురావాలి. పదహారేళ్ళు కిటికీ లేని గదిలో ట్యూబులు ఊపిన సూదమ్మకి ప్రాణం లేచొచ్చింది. షరతు ఒక్కటే: కారు తనే నడపాలి. సోమవారం పెద్ద డాక్టరమ్మ పక్కన కూచుని సందుల్లో తిప్పించి చూస్తుంది. నడిపితే ఉద్యోగం. నడపలేకపోతే మళ్ళీ ఆ గదే.

లైసెన్సు ఉంది, కారు ఉంది. కానీ ఆ కారు రోడ్డు మీద గుర్రం, సందులో గాడిద. వేగంగా వెళ్ళినంతసేపూ పాట పాడుతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే దగ్గుతుంది, వణుకుతుంది, గుటుక్కుమంటుంది.

"కారుకి నీ కాలు పడలేదు. నా కాలికి అలవాటు పడిన బండి" అన్నాడు మైకాసురుడు.

"మరి నిన్న సిగ్నల్ దగ్గర మీ కాలి కిందే మూడుసార్లు ఎందుకాగిందండీ?"

"ఎర్రదీపం కదా. గౌరవం కొద్దీ ఆగింది."

"పచ్చదీపం వచ్చాక కూడా లేవలేదే!"

"అంత గౌరవం!"

అసలు సంగతి మైకాసురుడికి తెలుసు. పోయిన వారమే ఎవరికీ చెప్పకుండా కార్లు బాగుచేసే ముక్తసరి మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. రోజుకి ఇరవై మాటలు మించి ఖర్చు పెట్టని మేస్త్రి, ఆ రోజు కోటా అంతా ఇతని మీదే ఊడ్చేశాడు. ఇంజిన్‌కి గాలి వెళ్ళే గొంతులో ఒక రెక్క ఉంటుంది. దాని అంచున మసి పేరుకుంది. వేగంలో రెక్క బార్లా తెరుచుకుంటుంది కనక మసి అడ్డం రాదు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు సన్నటి సందే మిగులుతుంది, దాన్ని మసి మూసేస్తుంది. ఊపిరాడక ఇంజిన్ చస్తుంది. గుడ్డతో తుడిస్తే సరి.

"తుడిచెయ్యనా?" అన్నాడు మేస్త్రి.

"తర్వాత చూద్దాం" అని బండి తెచ్చేసుకున్నాడు మన హక్కుల నాయకుడు.

ఎందుకు? రోజూ పొద్దున భార్యని ఆసుపత్రి దగ్గర దింపేది అతనే. ఆ ఇరవై నిమిషాలే ఇద్దరూ ఒకచోట కూచునేది. సాయంత్రం ఆమెకి వంటిల్లు, అతనికి సంఘం. ఆమె కారు పట్టుకుపోతే తను బస్సెక్కాలి. బస్సు పరవాలేదు, ఆ ఇరవై నిమిషాలు పోతాయే అని గుబులు. గుబులు నిజమే. కానీ గుబులున్నవాడు నోరు తెరిచి చెప్పాలి. పక్కమనిషి ఊపిరి ఆపి ఉంచడమేమిటి?

సూదమ్మ మాత్రం ఊరుకోలేదు. నోటుపుస్తకం తీసింది. ఒక రోజు వేరే బంకులో పెట్రోలు పోయించింది. ఒక రోజు ప్లగ్గులు మార్పించింది. ఒక రోజు ఏసీ వేసి చూసింది, ఒక రోజు తీసి చూసింది. ఒకసారికి ఒకటే మార్చడం, ఫలితం రాసుకోవడం. రక్తమైనా పెట్రోలైనా ఆవిడకి ఒకటే పద్ధతి.

"ఇరవైసార్లు కాలు తీస్తే పద్నాలుగుసార్లు ఆగిందండీ. వేగంలో ఒక్కసారీ ఆగలేదు."

"ఇంజిన్ మనసు ఎవరికి తెలుస్తుంది?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉందని ఆవిడ చెప్పలేదు.

ఇంతలో సంఘం ఆదివారం ఊరేగింపు పెట్టింది. 'స్టీరింగు ఆమె చేతికివ్వండి' అన్న నినాదం మైకాసురుడిదే. మైకు కట్టాల్సిన జీపు ఆఖరి నిమిషంలో చేతులెత్తేసింది. "మీ కారుందిగా!" అన్నారంతా.

మైకాసురుడు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఊరేగింపంటే నడక వేగం. ఆ వేగంలో ఈ కారు పది గజాలు బతకదు. తుడిపించేద్దామంటే ఆదివారం బాగుపడిన బండి సోమవారం భార్య పరీక్ష వేళకి మళ్ళీ పాడవ్వదు. తెగించాడు. యాక్సిలరేటరు తొక్కిపట్టి ఎలాగో లాగేద్దామనుకున్నాడు.

ఆదివారం పొద్దున కారు నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు, వెనక నాలుగు వందల మంది. మైకాసురుడు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో మైకు పట్టుకుని గర్జించాడు. "మగవాళ్ళారా! స్టీరింగు వదలండి!"

కాలు నొక్కితే కారు ఎగిరి దూకింది. ముందు బ్యానరు పట్టుకున్న ఇద్దరూ చెరో వైపు మురిక్కాలవలోకి దూకారు. కంగారుపడి కాలు తీశాడు. కారు దగ్గింది, వణికింది, ఆగింది. మళ్ళీ స్టార్టు, మళ్ళీ దూకుడు, మళ్ళీ చావు. నాలుగు వందల మంది రెండడుగులు వెయ్యడం, ఒకరి మీద ఒకరు పడడం.

ఆడవాళ్ళ వరసలోంచి సూదమ్మ వచ్చి కిటికీ దగ్గర వంగింది. మైకు బటను నొక్కే ఉందని ఇద్దరూ చూసుకోలేదు.

"మసి తుడిపించలేదా ఇంకా?" ఆ మాట వీధి చివర దాకా వినపడింది.

"ఏం మసి?"

"మేస్త్రి చెప్పిన మసి. బుధవారం నేనూ వెళ్ళాను. 'మసి, తుడవాలి, మీ ఆయనకి తెలుసు' అన్నాడు."

"తెలిసీ నువ్వెందుకు ఊరుకున్నావు?"

"మీరే చెప్తారేమోనని. ఇవాళ సాయంత్రం దాకా గడువిచ్చాను."

మైకాసురుడు స్టీరింగు మీది చెయ్యి తీసేశాడు. "నువ్వు కారు పట్టుకెళ్ళిపోతే... పొద్దున ఆ ఇరవై నిమిషాలూ పోతాయి కదే" అన్నాడు. జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అతను ఇవ్వలేదు. లౌడ్‌స్పీకర్లు దాన్ని అన్ని మేడలకీ మోశాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.

సూదమ్మ పైకి చూసి, చెయ్యి చాచి మైకు లాక్కుని ఆపేసింది. "దిగండి" అంది.

దిగాడు. ఆవిడ సంచిలోంచి గుడ్డ, మసి కరిగించే మందు డబ్బా తీసింది. బానెట్ ఎత్తి లావు రబ్బరు గొట్టం ఊడదీసింది. గుడ్డ తడిపి రెక్క అంచులు తుడిచింది. గుడ్డ కాటుకయింది. గొట్టం బిగించి, కూచుని, తాళం తిప్పింది. మొదట కాస్త తడబడి, తర్వాత ఇంజిన్ పసిపిల్ల నిద్రపోతున్నంత మెల్లగా ఊపిరి తీసింది.

ఆపైన మూడు కిలోమీటర్లు నడక వేగంలో నడిపింది. ఒక్కసారీ ఆగలేదు. మైకాసురుడు మైకు లేకుండా పక్కన నడిచాడు.

ఆడవాళ్ళ వరసలోనే నడిచిన పెద్ద డాక్టరమ్మ చివర్లో కిటికీలో తల పెట్టింది. "రేపు పరీక్షేం అక్కర్లేదు. సరాసరి పనిలోకి వచ్చెయ్."

సోమవారం పొద్దున అతను బస్సుకి బయల్దేరుతుంటే హారన్ మోగింది.

"ఎక్కండి. ఫ్యాక్టరీ దగ్గర దింపేసి వెళ్తా. మీ ఇరవై నిమిషాలు మీకిచ్చేస్తా."

ఎక్కాడు. రెండు మలుపులు తిరిగాక సూదమ్మ అంది. "ఒక మాట అననా? ఇన్నాళ్ళూ ఆ ఇరవై నిమిషాలూ మాట్లాడింది మీరే. నేను విన్నా, అంతే."

మైకాసురుడు నోరు తెరిచాడు. సంజాయిషీ ఒకటి గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఇవాళ ముందు ఎవరింటికి?" అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ళ టైలరు, నరం దొరకదట, సూది చూస్తే పాత చుట్టాలందర్నీ తిడతాడట. ఫ్యాక్టరీ గేటు వచ్చింది. కారు ఆగింది. టైలరు కథ ఇంకా సగంలోనే ఉంది.

అతను దిగలేదు. సైరన్ కూసింది. సంఘం వాళ్ళు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళ కార్యదర్శి నోరు మూసుకుని కూచున్న దృశ్యం వాళ్ళెవరూ అంతకుముందు చూసి ఉండలేదు.