పేరొద్దన్న దాత

లిఖిత ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. శ్రీవిద్య మేడమ్ నెల్లూరులో రైలు దిగి, ఉదయగిరి వెళ్తూ దారిలో ఆత్మకూరులో ఆగుతుంది. ఇంట్లో కాఫీ తాగుతుంది, నాలుగు మాటలు అడుగుతుంది, వెళ్ళిపోతుంది. ఆమె సరేనంటే లిఖిత అహ్మదాబాదులో డిజైన్ పీజీలో చేరుతుంది. ఆ రెండేళ్ళ ఫీజూ హాస్టలూ ఫెలోషిప్పే భరిస్తుంది, తిరిగి కట్టే పని లేదు. కాదంటే సోమవారానికి ఆ సీటు ఇంకొకరి పాలవుతుంది.

మేడమ్ తండ్రి ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కి బతికిన మనిషి. ఆమె కూడా ఎవరో మహానుభావుడు ఇచ్చిన ఫెలోషిప్‌తోనే డిజైన్ చదువుకుంది. బెంగళూరులో కుర్చీలూ బల్లలూ డిజైన్ చేసి పైకొచ్చింది. ఇప్పుడు ఈ పడమటి మండలాల పిల్లల్లో ఏడాదికొకరిని తన డబ్బుతో చదివిస్తోంది. షరతులు రెండే పెట్టింది. ఇంట్లో నిజంగా అవసరం ఉండాలి. ఇచ్చేది తానని ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు.

మొదటి షరతుకు లోటు లేదు. లిఖిత తండ్రి చంద్రశేఖర్‌ది బజారులో పప్పుల హోల్‌సేల్ కొట్టు. ఒకప్పుడు వరికుంటపాడు దాకా సరుకు పోయేది. ఇప్పుడు ముందు వరుస డబ్బాల్లోనే సరుకుంది, వెనకవి ఉత్త డబ్బాలు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప బజారుకు తెలియదు. ఇస్త్రీ చొక్కా నలగకుండా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది?

పాలపాకెట్ కోసం బస్టాండు దాకా వెళ్ళిన లిఖిత అక్కడే కొయ్యబారిపోయింది. ఎదురుగా ఇంత పొడుగు ఫ్లెక్సీ. నిండా వాళ్ళ నాన్న, రెండు చేతులూ జోడించి. ఫోటో అడ్డంగా సాగదీయడంతో బుగ్గలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉన్నాయి. పైన ‘విద్యాదాత’ అని బంగారు రంగు అక్షరాలు. కింద ‘పేద విద్యార్థులకు ఫెలోషిప్ అందజేస్తున్న శ్రీ చంద్రశేఖర్ గారికి శుభాభినందనలు’. లిఖిత కూడా ఉంది, ఒక మూల, నెమలి పక్కన, బొట్టుబిళ్ళంత. డిజైన్ చదవబోయే పిల్లకు ఏ తప్పుకు ముందు కోపం తెచ్చుకోవాలో కూడా అర్థం కాలేదు. ఒళ్ళంతా మంటెత్తి పాల సంగతి మర్చిపోయి ఫ్లెక్సీల వెంగయ్య మీదికి పోయింది.

వెంగయ్య తొణకలేదు. చంద్రశేఖర్ శెట్టిగారు వచ్చి, పాపకు ఫెలోషిప్ వచ్చింది, ఇచ్చినవాళ్ళకు కృతజ్ఞతగా ఒకటి వెయ్యమన్నాడట. దాత ఫోటో ఏదని అడిగితే ఫోటో వద్దు, పేరూ వద్దు అన్నాడట.

“ఇన్నేళ్ళుగా ఫ్లెక్సీలు ఏస్తా ఉండాను, పేరొద్దన్న దాతను చూళ్ళేదమ్మా. గుడికి ఫ్యానిచ్చినోడు కూడా రెక్క మీద పేరు రాయిస్తాడే. శెట్టిగారే ఇస్తా, చెప్పుకోను సిగ్గుపడతా ఉండాడనుకున్నాను. అయినా ఫ్లెక్సీకి డబ్బులిచ్చినోళ్ళ ఫోటోనే గదా పెద్దది పెట్టేది?”

వెంటనే దించమంది లిఖిత. రాత్రి కట్టింది పొద్దున్నే దించితే శెట్టిగారి పరువేం కాను అన్నాడు వెంగయ్య. వాదించే ఓపిక లేక ఆమె కొట్టుకు పరుగెత్తింది.

కొట్టు ముందు జనం. ఫ్లెక్సీ ఫోటో రాత్రే ఫోన్లలో ఊళ్ళన్నీ తిరిగింది. అనంతసాగరం నుంచి ఆటోల్లో దిగిన తండ్రులు, వాళ్ళ చేతుల్లో పిల్లల మార్కుల కాగితాలు. వరికుంటపాడు ప్రమీలమ్మ కూతురు గోపికను నర్సింగ్‌లో చేర్పించమని వచ్చింది. ఒకాయన చదువుల్లేవు గానీ బోరు వేయించమని అడుగుతున్నాడు. చంద్రశేఖర్ ఎవరినీ కాదనలేదు. ఒక్కొక్కరికీ తల పంకించి “చూద్దాం, చూద్దాం” అంటున్నాడు. లిఖిత తండ్రి చెయ్యి పట్టుకుని గోతాల వెనక్కి లాక్కుపోయింది.

“ఏంది నాయనా ఇది? ఆమె ఇంకాసేపట్లో వస్తాది. ఇది చూసిందంటే నా చదువు ఇంతటితో సరి. కాదని ఒక్క మాట చెప్పలేవా?”

చంద్రశేఖర్ గోతం మీద చెయ్యి ఆనించాడు. “నిన్న దాకా నన్ను కన్నెత్తి చూడనోళ్ళు ఇయ్యాళ నమస్కారం పెట్టినారమ్మా. ఈ ఒక్క పూట పోనీలే.”

కోపంతో పాటు ఏడుపూ వచ్చింది లిఖితకు. తన రెండేళ్ళ చదువు ఈయన ఒక పూట నమస్కారాలకు సరిపోయిందా? ఆ మాటే అడగబోయేంతలో వర్తక సంఘం అధ్యక్షుడు హరిప్రసాద్ నాదస్వరంతో సహా దిగాడు. మన బజారులో ఇంతటి దాతను పెట్టుకుని ఇన్నాళ్ళూ గుర్తించలేకపోయామని నొచ్చుకుంటూ చంద్రశేఖర్‌ను కల్యాణ మండపానికి తీసుకుపోయాడు. వచ్చిన జనమంతా వెనకే నడిచారు.

సరిగ్గా అప్పుడే మేడమ్ కారు బస్టాండులో ఆగింది. చంద్రశేఖర్ గారి ఇల్లెక్కడని ఆమె అడిగిన పాపానికి, సన్మానానికే వచ్చిందనుకుని మండపానికి తీసుకుపోయారు. కారులో వచ్చిన మనిషిని కింద కూర్చోబెట్టే అలవాటు ఆ సంఘానికి లేదు. స్టేజీ ఎక్కించి, ముఖ్య అతిథిని చేసి, చేతిలో శాలువా పెట్టారు. తన డబ్బుతో చదవబోయే పిల్ల తండ్రికి, దాతగా, ఆమె చేతనే శాలువా కప్పించారు. జనం చప్పట్లు కొట్టారు. చంద్రశేఖర్‌కు ఆమె ఎవరో తెలియదు, ఆనందంగా కప్పించుకున్నాడు.

మెట్ల దగ్గర నిలబడ్డ లిఖిత పక్కకు వచ్చి మేడమ్ మెల్లగా చెప్పింది. “ఇంట్లోనే ఇంత పెద్ద దాత ఉండంగా నా డబ్బు నీకెందుకమ్మా? ఇంకో పాప అడిగి ఉండాది. ఆ పాపకిస్తాను.”

లిఖిత ఇక ఆగలేదు. స్టేజీ ఎక్కి హరిప్రసాద్ చేతిలోని మైకు గుంజుకుంది. తండ్రి ముఖం ముందు పెట్టింది.

“నువ్వు చెప్తావా నాయనా, నన్ను చెప్పమంటావా?”

చంద్రశేఖర్ కూతురి ముఖం చూశాడు, మెట్ల దగ్గర నిలబడ్డ ఆమెను చూశాడు. అప్పటికి అర్థమైంది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు.

“నేనెవురికీ ఏమీ ఇవ్వలేదు. నా బిడ్డ చదువుకు ఇంకొకరు ఇస్తా ఉండారు. నేను చెయ్యి చాపినోణ్ణి. పొద్దున మీరు నమస్కారం పెడతా ఉంటే కాదనలేకపోయినాను. తప్పు నాదే.”

వెనక వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మండపమంతా అందుకుంది. హరిప్రసాద్ కళ్ళు తుడుచుకుంటూ మైకు తీసుకున్నాడు. ఇంత చేసి కూడా నేనేమీ చెయ్యలేదనే మనిషిని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామన్నాడు. చంద్రశేఖర్ ఒట్టు వేశాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

“కొట్టుకొచ్చి చూసుకోండయ్యా, వెనకుండే డబ్బాలన్నీ ఖాళీ” అని ఆయన గొంతు చించుకున్నాడు.

“ఉండేదంతా పిల్లకాయలకే పెట్టేసినాడు” అంటూ ప్రమీలమ్మ వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

లిఖితకు ఆ మండపాన్ని తగలబెట్టాలన్నంత కోపం వచ్చింది. దాత ఈయన కాదు, అదుగో ఆమె అని చూపిద్దామంటే రెండో షరతు అడ్డం. పళ్ళు నూరుకుంటూ మెట్లు దిగింది. మేడమ్ అప్పటికే కారు దగ్గరికి నడుస్తోంది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. లిఖిత వెంటపడి, క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచింది.

“మీ నాయన మాట నమ్మింది ఈ ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే” అంది మేడమ్. “అంతమందిలో ఖాళీ డబ్బాల సంగతి చెప్పుకోవడం తేలిక కాదు. సోమవారం పోయి చేరిపో. ఇంక ఈ ఊళ్ళో నా పేరు బయటపడే భయం కూడా లేదు.”

లిఖిత అహ్మదాబాదులో చేరింది. ఇక్కడ చంద్రశేఖర్ కొట్టు ముందు రోజూ తల్లిదండ్రుల వరుస. ఇచ్చేది తాను కాదని ఆయన ప్రతి ఒక్కరికీ మొత్తుకుంటున్నాడు. మొత్తుకునే కొద్దీ విరాళాలు ఇవ్వమని వచ్చేవాళ్ళు కూడా పెరిగారు.